కొమ్మయు చంద్రుడును

దైవమును గూర్చి మాటలాడ బూనిన మనుష్యుని నోట మొట్టమొదట వెడలునది పోలిక. తండ్రి యనును, రాజనును, కాపరి యనును, వెలుగనును, ఊట యనును. కంటికి కనబడనివానిని గూర్చి కంటికి కనబడు వస్తువుల పేళ్లతో చెప్పుకొనుట మనకు అలవాటై పోయినది. ఆ పోలికలు ఎంతవరకు నిజమో, ఎచ్చట ఆగిపోవునో విచారించువారు మాత్రము కొలదిమంది. క్రైస్తవ మతమున ఈ విచారము పదునెనిమిది వందల యేండ్లనుండి సాగుచున్నది. దానినిగూర్చి నేడు మీతో నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి. గడివేములలో ఒక సాయంకాలము మా చెవిని బడిన రెండు ప్రశ్నలు మమ్ము ఈ పనికి పురికొల్పినవి.

గడివేముల నంద్యాలకు చేరువనున్న మండల కేంద్రము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి వేరుపడి యేర్పడిన నంద్యాల జిల్లాలోనిది. ఆ ప్రాంతమున రెండు పొలముల నడిమి గట్టు విషయమై వ్యాజ్యము నడచుచుండగా, న్యాయస్థానమువారు మమ్ము కమీషనరుగా నియమించి, స్థలము చూచి నివేదిక పంపవలసినదని యాజ్ఞాపించిరి. సర్వేయరు పటము విప్పి పట్టుకొనగా, మేమును ఉభయపక్షముల రైతులును రేగడి చేలలో మధ్యాహ్నమంతయు నడచితిమి. పని ముగియునప్పటికి ప్రొద్దు క్రుంకెను. మా బండి వచ్చుటకు జాగగుటచే, దాపుననున్న క్రైస్తవుల ప్రార్థన మందిరపు అరుగుపై కూర్చుంటిమి.

లోపల ఉపదేశి పిల్లలకు పాఠము చెప్పుచుండెను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురుండగా దేవు డొక్కడే యగుట యెట్లు? ఉపదేశి యొక గిన్నెలోని నీళ్లు చూపి, ఇవియే గడ్డకట్టిన ఐసనియు, కాచిన ఆవిరి యనియు, పేళ్లు మూడైనను పదార్థ మొక్కటే యనియు చెప్పెను. పిల్లలు తలలూచిరి. ఒక బాలుడు మాత్రము లేచి, "అయ్యగారూ, ఐసు కరిగినంక నీళ్లే గదా మిగిలేది? అప్పుడు ఐసు యాడ ఉంటాది?" అని అడిగెను. ఉపదేశి నవ్వి, ఆ బాలుని తల నిమిరి, పాఠము చాలించెను.

పిదప పెద్దలు కూడిరి. దేవుడు మనకు తండ్రివంటివాడని ఉపదేశి ప్రసంగ మారంభించెను. వెనుక గోడకు చేరగిలబడి యున్న యొక ముసలి కూలియామె మెల్లగా నోరు విప్పి యిట్లనెను: "అయ్యా, మా నాయన తాగొచ్చి మా యమ్మను కొట్టేటోడు, నన్నూ కొట్టేటోడు. నువ్వు నాయన అన్నప్పుడల్లా ఆ మనిసే నా కండ్ల ముందర నిలబడతాడు. నేనేం జేసేది?" మందిరమంతయు నిశ్శబ్దమయ్యెను. ఉపదేశి కొంత సేపటికి, "అవ్వా, దీనికి నేను తొందరపడి జవాబు చెప్పను. ఆలోచించుకొని చెప్తా" అనెను. ఆ మాటలోని నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది. ఇంతలో బండి వచ్చెను. మే మింటికి చేరితిమి గాని, ఆ ప్రశ్నలు రెండును మాతోడనే వచ్చి మా బల్లపై కూర్చున్నవి.

బాలుని ప్రశ్న బుద్ధికి సంబంధించినది. అవ్వ ప్రశ్న హృదయమునకు సంబంధించినది. ఆచరణకు సంబంధించిన మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని ఆ సాయంకాలము ఎవరును అడుగలేదు. మనమే మనల నడుగుకొనవలెను. ఈ మూటిని క్రమముగా విచారింతము.

ముందుగా పోలిక యననేమి? మన ఆలంకారికులు ఉపమకు నాలుగంగములు చెప్పిరి: ఉపమేయము, ఉపమానము, సమాన ధర్మము, ఉపమావాచకము. ముఖము చంద్రునివలె మనోహరముగా నున్నదన్నప్పుడు ముఖ ముపమేయము, చంద్రు డుపమానము, మనోహరత్వము సమాన ధర్మము, "వలె" అనునది వాచకము. చంద్రునకు మచ్చ యున్నది గదా, ముఖమునకును ఉండవలెనని ఎవడును వాదింపడు. ఏ యొక్క ధర్మమునుబట్టి పోలిక చెప్పబడినదో దానినే గ్రహించి, తక్కినవానిని విడిచిపెట్టుట సహృదయుని లక్షణము. ఈ "వలె" అను చిన్న మాటను తీసివేసి, ముఖమే చంద్రుడన్నచో అది రూపకమగును. కావ్యమున రూపకము శోభ. మతమున "వలె" జారిపోయినచో ప్రమాదము. ఈ మాట జ్ఞాపకమునం దుంచుకొనుడు. మరల దీనికే రావలసియున్నది.

శాస్త్రకారులు శాఖాచంద్ర న్యాయమని చెప్పుదురు. విదియనాటి చంద్రుని బాలునకు చూపదలచినవాడు, "అదిగో, ఆ చెట్టుకొమ్మమీద చూడు" మనును. చంద్రుడు కొమ్మమీద లేడు. కొమ్మకును చంద్రునికిని నడుమ లక్షల మైళ్లున్నవి. అయినను కొమ్మ లేక బాలుని చూపు నిలువదు. కొమ్మనే చంద్రు డనుకొన్నవాడును, కొమ్మ చంద్రుడు కాదు గావున నేను చూడనేలయని తల త్రిప్పుకొన్నవాడును, ఇరువురును చంద్రుని కోలుపోవుదురు.

మా వృత్తిలోనిది మరియొక దృష్టాంతము. ఆనాడు సర్వేయరు చేతనున్న పటములో జొన్న మొలవదు, ప్రత్తి పూయదు. అరచేయంత కాగితములో అయిదెకరముల చేను పట్టదు. కాని ఆ పటము లేకున్న ఆ గట్టు ఎవరిదో తేలదు. పటమున కొన్ని సంబంధములు నిజముగా నున్నవి: ఈ మూలకును ఆ మూలకును గల దూరపు నిష్పత్తి, ఈ రాయి ఆ రాయికి తూర్పుననుండుట. తక్కినదంతయు అందు లేదు. మంచి సర్వేయరు పటము నెచ్చట నమ్మవలెనో యెరుగును. ఎచ్చట దానిని మడిచి నేల చూడవలెనో అదియు నెరుగును.

ఇక బాలుని ప్రశ్న. ఆ బాలు డెరుగడు గాని, అతని యాక్షేపణ చాల ప్రాచీనమైనది. క్రీస్తు శకము మూడవ శతాబ్దమున సబెల్లియసు అను నాతని పేర నొక మతము వ్యాపించెను. దేవు డొక్కడే, అతడే యొకప్పుడు తండ్రిగను, ఒకప్పుడు కుమారుడుగను, ఒకప్పుడు ఆత్మగను కనబడునని ఆ మతము. నీళ్లు, ఐసు, ఆవిరి యను పోలిక సరిగా నీ మతమునే బోధించును. ఒక రూపము వచ్చినప్పుడు వెనుకటి రూపము పోవును. అట్లయినచో కుమారుడు తండ్రిని ప్రార్థించెనను సువార్త కథకు అర్థము లేదు. సబెల్లియసు మతమును క్రైస్తవ సంఘము త్రోసిపుచ్చెను. ఉపదేశి సదుద్దేశముతో చెప్పిన పోలిక, అతని సంఘమే త్రోసిపుచ్చిన మతమును చెప్పినది! పిల్లవాడు దానిని ఒక్క మాటతో పట్టుకొనెను.

మరియొక పోలిక ఐర్లండు దేశమునుండి వచ్చినది. అయిదవ శతాబ్దమునాటి పాట్రికు అను సాధువు మూడాకుల గడ్డిరెమ్మను చూపి త్రిత్వము బోధించెనని అచ్చటివారు చెప్పుకొందురు. ఈ కథ వ్రాతలోనికి వచ్చినది మాత్రము పదునెనిమిదవ శతాబ్దముననే. మనకు మారేడు దళము జ్ఞాపకము వచ్చును. పోలిక అందమైనదే. కాని మూడాకులలో ప్రతియాకును దళమున మూడవ వంతు. క్రైస్తవ సిద్ధాంతమున తండ్రి దేవునిలో మూడవ వంతు కాడు. ముగ్గురిలో ప్రతివాడును సంపూర్ణముగా దేవుడే. ఇచ్చట పోలిక రెండవవైపునకు ఒరిగి పడిపోయినది.

మూడవ పోలికకు నంద్యాల సీమవారము మనము దూరము పోనక్కరలేదు. నల్లమల పాదమున మహానందిలో ఊట యొకటి యెడతెగక పొంగుచున్నది. ఆ నీరు కోనేటిని నింపి, కుండములగుండ వెడలి, కాలువయై చేలను తడుపును. ఊట, కోనేరు, కాలువ: మూడు పేళ్లు, ఒక్క నీరు, మూడును ఏకకాలమున నున్నవి. బాలుని యాక్షేపణ దీనికి తగులదు. కార్తేజీ పట్టణపు టెర్టుల్లియను క్రీస్తు శకము సుమారు 213వ సంవత్సరమున ఈ పోలికనే వాడెను. వేరు, చెట్టు, పండు అనియు, సూర్యుడు, కిరణము, కాంతి యనియు మరి రెండు జతచేసెను. 325వ సంవత్సరమున నికయా పట్టణమున కూడిన సభవారును కుమారుని వెలుగునుండి కలిగిన వెలుగుతో పోల్చిరి.

ఇవియైన నిలిచినవా? 380వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపిలు నగరమున గ్రెగొరీ నజియాంజను అను మహావక్త త్రిత్వమును సమర్థించుచు ప్రసంగించెను. తన పక్షమునకు పోలికలు దొరకిన మేలని వెదకెను. ఊటయు ఏరును అన్న, ప్రవాహము నిలుకడ లేనిది, దైవము మారనిది. పైగా ఊటయు ఏరును సంఖ్యలో ఒక్క వస్తువే యగునేమో యని శంకించెను. సూర్యుడును కిరణమును అన్న, కిరణము సూర్యుని గుణము మాత్రమే, వేరొక సూర్యుడు కాదు. అట్లే కుమారుడును గుణమాత్రుడగునేమో యని శంకించెను. తుదకు ఈ నీడలన్నిటిని విడిచిపెట్టి, భక్తికి అనుకూలమైన కొలది మాటలతో తృప్తిపడుట మేలని నిశ్చయించెను. తన సాక్షినే తాను ప్రతిపరీక్ష చేసి, సాక్ష్యము చాలదని తానే ఒప్పుకొన్న న్యాయవాదులను మేము మిక్కిలి అరుదుగా చూచితిమి. గ్రెగొరీ అట్టివాడు.

అగస్టీను అను వేరొక ఆచార్యుడు బాహ్యవస్తువులను విడిచి మనస్సులోనికి చూచెను. స్మృతి, బుద్ధి, సంకల్పము మూడయ్యు మన సొక్కటే గదా యనెను. సుమారు ఇరువది యేండ్లు ఆ గ్రంథమును వ్రాసి, కడపటి భాగమున ఈ పోలికయు చాలదని తానే యొప్పుకొనెను.

ఈ యనుభవమంతయు 1215వ సంవత్సరమున రోమునగరపు లాటరను సభలో నొక సూత్రముగా తేలినది. ఫ్లోరా మఠమునకు చెందిన జోకిము అను సన్యాసి, అనేకులు కూడి ఒక ప్రజయైనట్లు ముగ్గురు కూడి ఒక దైవమని చెప్పెనని ఆరోపణ రాగా, ఆ సభవారు విచారించి తీర్పు చెప్పిరి. దాని సారాంశ మేమన, సృష్టికర్తకును సృష్టికిని ఎంత సామ్యము చూపినను, అంతకు మించిన భేదము వారి నడుమ నున్నదని గుర్తింపకుండ ఆ సామ్యమును చెప్పరాదు. ఇది ఒక్క మతమువారికే చెందిన సూత్రమని మాకు తోచదు. దైవమును గూర్చి నోరెత్తు ప్రతివాడును మెడలో కట్టుకొనదగినది.

అయినచో మౌనమే శరణ్యమా? ఇది కాదు, ఇది కాదు అని త్రోసివేయు మార్గము మన యుపనిషత్తుల కాలమునుండి యున్నది. పండ్రెండవ శతాబ్దమున యూదాచార్యుడు మైమోనిదెసు కూడ దేవుని గూర్చి కానిదేదో చెప్పుటయే క్షేమమనెను. పదుమూడవ శతాబ్దమున తోమా అక్వినాసు (1225–1274) అను క్రైస్తవాచార్యుడు దీనిని గౌరవించుచునే నడిమి త్రోవ యొకటి చూపెను. ఒకే మాట రెండు వస్తువులయెడ ఒకే యర్థముతో వాడబడవచ్చును. బొత్తిగా సంబంధము లేని యర్థములతోను వాడబడవచ్చును. ఈ రెంటి నడుమ మూడవది కలదు. ఆరోగ్య మను మాటను చూడుడు. ఆరోగ్యవంతుడైన మనుష్యు డందుము. ఈ యౌషధ మారోగ్యకర మందుము. వైద్యుడు చేయి పట్టి చూచి నాడి యారోగ్యముగా నున్నదనును. మనుష్యునియం దారోగ్యమున్నది, ఔషధము దానికి కారణము, నాడి దానికి గురుతు. అర్థము మూటియందు ఒక్కటి కాదు, సంబంధము లేనిదియు కాదు. అట్లే మంచితనము, జ్ఞానము అను మాటలు మనుష్యునియెడను దైవముయెడను వాడినప్పుడు అర్థము సమానము కాదు, శూన్యమును కాదు.

ఆయన మరియొక భేదము చెప్పెను. దేవుడు శిల, దేవుడు సింహము అన్నప్పుడు అవి రూపకములు. శిలత్వము ముందు శిలకే చెందినది. దేవుడు మంచివా డన్నప్పుడు అట్లు కాదు. ఆ మంచితనము ముందుగా, సంపూర్ణముగా దైవమునకే చెందినది. మనయందలి మంచితనము దాని చిన్న ప్రతిబింబము. మాట నేర్చుకొనుటలో మనుష్యుడు ముందు. వస్తుస్థితిలో దైవము ముందు. ఈ మాటను పట్టుకొని మనము అవ్వ ప్రశ్నకు పోవలసియున్నది.

పోవుటకు ముందు మన దేశపు చరిత్రలో రెండు సంగతులు స్మరింతము. 1820వ సంవత్సరమున రాజా రామమోహన రాయలు సువార్తలనుండి యేసు నీతిబోధలను ఏర్చి కూర్చి కలకత్తాలో ప్రచురించెను. త్రిత్వాది సిద్ధాంతములను, అద్భుతములను చాలవరకు విడిచి, ఉపమాన కథలను, ధర్మోపదేశములను ఉంచెను. శ్రీరాంపురపు జాషువా మార్ష్‌మను దీనిని ఖండింపగా, రాయలవారు మూడు విజ్ఞప్తులు వ్రాసి ప్రత్యుత్తరమిచ్చిరి. బాప్టిస్టు ముద్రాలయమువారు మూడవదానిని అచ్చువేయ నిరాకరింపగా సొంత ముద్రాలయమును స్థాపించుకొని 1823లో ప్రకటించిరి. సిద్ధాంతమును గూర్చి ఉభయులును పోరాడిరి గాని, ఉపమాన కథలను గూర్చి పోరాటము లేదు. తప్పిపోయిన గొర్రెను వెదకు కాపరి కథ ఉభయులకును కంటినీరు తెప్పించునదే.

1882వ సంవత్సరమున కేశవచంద్ర సేనులు త్రిత్వమును గూర్చి యుపన్యసించుచు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మలను సచ్చిదానందముతో పోల్చిరి. వంగదేశపు క్రైస్తవ సన్యాసి బ్రహ్మబాంధవ ఉపాధ్యాయులు (1861–1907) అదే పోలికను గ్రహించి, 1898లో సచ్చిదానందుని స్తుతించు సంస్కృత గీతమును రచించిరి. ఈ పోలిక భారతీయునకు గడ్డిరెమ్మకంటెను సన్నిహితమైనది. కాని దీనికిని లాటరను సూత్రము వర్తించును. సత్తు, చిత్తు, ఆనందము బ్రహ్మస్వరూపమని వేదాంతి చెప్పును. అవి యొకరితో నొకరు మాటలాడు, ప్రేమించు వ్యక్తులని చెప్పడు. తెలుగు బైబిలునందలి పరిశుద్ధాత్మ యను మాటలోని ఆత్మయు, అద్వైతి చెప్పు ఆత్మయు అక్షరములు ఒక్కటియే గాని యర్థము వేరు. పేరు కలిసిన మాత్రాన గట్టు చెరిగిపోయినదని భ్రమపడరాదు. కలిసినంత మేర సంతోషింతము. కలియనిచోట నిజము చెప్పుకొందము.

ఇక అవ్వ. ఆమెకు తండ్రి యను మాట ముల్లయి గుచ్చుకొనినది. ఇట్టివా రామె యొక్కతెయే యనుకొనకుడు. రాజను మాట వినగానే పన్ను వసూలు జ్ఞాపకము వచ్చువారున్నారు. ప్రభువను మాట వినగానే వెట్టి చాకిరి చేయించిన దొర కన్నుల గట్టువారున్నారు. కడుపునిండిన మనము ఎంచుకొన్న పోలికలు కడుపుకాలినవారికి ఎట్లు వినబడునో మన మెన్నడైన విచారించితిమా?

యేసు స్వయముగా వాడిన పోలికలను చూచిన, రెండు మందులు దొరకును. మొదటిది, ఆయన ప్రతి పోలికలోను ఒక్క ధర్మమునే పట్టుకొనెను. లూకా సువార్తలో ఒక న్యాయాధిపతి కథ కలదు. అతడు దేవునికి భయపడడు, మనుష్యుని లక్ష్యపెట్టడు. ఒక విధవరాలు తన వ్యాజ్యమునకై మాటిమాటికి వచ్చి వేధింపగా, విసిగి తుదకు న్యాయము తీర్చెను. ఈ దుష్టుడైన న్యాయాధిపతితోనే దేవుని ముచ్చట ముడివెట్టబడినది! న్యాయస్థానములలో నెరసిన మావంటివారికి ఈ కథ చదివినప్పుడెల్ల నవ్వును వచ్చును, భయమును కలుగును. దేవుడు లంచగొండి యని దీని యర్థమా? కాదు. అట్టివాడే తుదకు వినినప్పుడు, న్యాయవంతుడు వినకుండునా యని. పోలిక భేదముమీదనే నిలిచినది. అట్లే తండ్రి యన్నప్పుడు ప్రతి తండ్రి యొక్క ప్రతి గుణమును దైవమునకు అంటగట్టుట లేదు.

రెండవ మందు: ఒక పోలికను మరియొక పోలికతో సరిదిద్దుట. లూకా సువార్త పదునేనవ అధ్యాయమున వరుసగా మూడు కథలున్నవి. మొదటిది కాపరిది, మూడవది తండ్రిది. ఈ రెండును మందిరములలో నిత్యము వినబడును. నడిమి కథలో పోయిన నాణెమునకై దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకిన యిల్లాలు కలదు. తన్ను తాను పిల్లలను రెక్కలక్రింద చేర్చుకొను కోడితో యేసు పోల్చుకొనెను. యెషయా ప్రవక్త దైవపు ఓదార్పును తల్లి యోదార్పుతో పోల్చెను. ఇన్ని కొమ్మలు చూపబడియుండగా, ఒక్క కొమ్మనే పట్టుకొని, అది కనులలో గుచ్చుకొన్నను వదలక, చంద్రుని చూడుమని నిర్బంధించుట బోధకుల దోషము. పోలికల దోషము కాదు.

తోమా ఆచార్యుడు చెప్పిన మాటలో మూడవ మందును కలదు. మంచితనము ముందుగా దైవమునకే చెందినదన్నచో, తండ్రితనమును అట్టిదే. అప్పుడు అవ్వ తండ్రి దైవమునకు కొలత కాడు. దైవమే అతనికి కొలత. త్రాగివచ్చి కొట్టినవాడు తండ్రి యను పేరునకు తగనివాడని ఆమె హృదయము చెప్పుచున్నది గదా. ఎన్నడును చూడని మంచి తండ్రి యెట్లుండవలెనో ఆమెకు తెలిసియుండబట్టియే ఆ దుఃఖము. ఆ తెలివి యెక్కడిదని విచారించినవాడు కొమ్మను దాటి చంద్రునివైపు కొంత చూచినవా డగును.

ఇక మూడవ ప్రశ్న, మనది. "వలె" జారిపోయిన నేమగును? ఋగ్వేదము పదవ మండలమున పురుష సూక్తము కలదు. జగత్తంతయు నొక పురుషుని శరీరమని వర్ణించి, అందు నాలుగు వర్ణములను అవయవములతో సంబంధించి చెప్పినది. దానిని వర్ణనగా గ్రహింపక, చట్టముగా గ్రహించిరి. శరీరములో పాదము తల కానేరదు గావున పాదజుడు తలయెత్తరాదనిరి. పాదము లేక తల ఒక్క యడుగైన కదలదను సంగతి ఆ వాదములో కనబడలేదు. అవయవములలోనే చేర్చబడని వారిని ఊరి వెలుపల నుంచిరి. ఒక్క పోలిక రాయియై, వేలయేండ్లు మనుష్యుల రొమ్ములపై నిలిచినది.

ఇదే శరీరపు పోలికను పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో వాడెను. సంఘము క్రీస్తు శరీర మనెను. కన్ను చేతితో నీవు నాకు అక్కరలేదని చెప్పజాలదనియు, బలహీనమైన యవయవములే మరింత ఆవశ్యకములనియు, గౌరవము తక్కువైనదానికే ఎక్కువ గౌరవ మీయవలెననియు వాదించెను. చూచితిరా! ఉపమాన మొక్కటే, తీర్పులు రెండు. పోలిక తనంతట తాను న్యాయము చెప్పదు. దానిని చేతబట్టినవాని హృదయమునుబట్టి అది ఊతకఱ్ఱయో, లాఠీయో యగును.

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామము కర్నూలు సీమను తీవ్రముగా దెబ్బతీసినది. ఆ దినములలో ఒంగోలు మిషనువారు ఒక్క 1878 జూలై 3వ తేదీననే రెండువేల రెండువందల యిరువది రెండుగురికి బాప్తిస్మ మిచ్చిరి. వారిలో అత్యధికులు మాదిగలు. గంజికొరకు వచ్చిరని పెద్దలు పరిహసించిరి. అన్నము కారణము కాదని మేమనము. కాని ఊరి బావిలో చేద వేయరాదని తరతరములుగా వినినవాని చెవిలో, నీవు దేవుని బిడ్డవను మాట పడినప్పుడు, ఆ పోలిక అతనికి అలంకారమా? అది పట్టా కాగితము. ఒక తండ్రి బిడ్డలమైనచో ఒక బావి నీళ్లు త్రాగుటకు హక్కున్నదను వాదమునకు అది మూలపత్రము.

ఆ పత్రము క్రైస్తవ సంఘములయందును పూర్తిగా అమలుపరుపబడలేదు. మాలలు వేరు, మాదిగలు వేరు కూర్చున్న మందిరములు తెలుగుదేశమున నుండినవి. బల్ల యొక్కటి, చాపలు రెండు. మనము వారిని వేలెత్తి చూపనక్కరలేదు. పరమేశ్వరుడు అందరికిని తండ్రి యని ఉపన్యాసవేదికల నెక్కి చెప్పి, ఇంటికి వచ్చి, పనిమనిషికి వేరు గ్లాసు పెట్టిన సంస్కర్తలు మనలో లేరా? 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. ఆ గ్లాసు మాత్రము కొన్ని యిండ్ల వంటగది గూటిలో ఇంకను బోర్లించియే యున్నది.

పోలికను నిజము చేసిన వారును మన దేశమున లేకపోలేదు. రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు (1862–1939) మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. క్రైస్తవులు కాలేదు, బ్రాహ్మసమాజికులుగా నుండిరి. కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులైరి. పరమాత్ముడు తండ్రి యను మాటను ఆయన వాదించి విడువలేదు. తలిదండ్రులు లేని బిడ్డలకును, అస్పృశ్యులన్న పేర దూరముంచబడిన విద్యార్థులకును ఆశ్రయము కల్పించుటలో దానిని చూపిరి. ఆ బిడ్డలకు తండ్రి యను మాట అర్థమగుటకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

కావున మహాశయులారా, దైవమును గూర్చి పోలిక చెప్పునప్పుడు మూడు నియమములు పాటింతము. పోలిక చెప్పి, దాని భేదమును వెంటనే చెప్పుదము; బాలుని మోసగింపకుందుము. ఒక్క పోలికకే అంటిపెట్టుకొనకుందుము. అవ్వకు ముల్లైన మాటను పువ్వని వాదింపకుందుము. ఏ పోలికను నోట పలికితిమో దానికి తగిన నడతను చెల్లింతము. చెల్లింపలేనిచో ఆ పోలికను పలుకకుందుము. మొదటి రెంటిని తప్పినవాడు అజ్ఞాని. మూడవదానిని తప్పినవాడు ఋణగ్రస్తుడు.

కొన్ని వారముల పిదప ఆ వ్యాజ్యము పనిమీదనే మరల గడివేములకు పోవలసివచ్చెను. ఈసారి మందిరము లోపలనే కూర్చుంటిమి. ఉపదేశి లూకా సువార్త నడిమి కథను చెప్పుచుండెను: చీకటి యిల్లు, దీపము, చీపురు, మూలమూలలు ఊడ్చుచు, పోయిన నాణెమునకై వంగి వంగి వెదకు ఆడుది. దేవుడు ఆమెవంటివాడని చెప్పి, అవ్వవైపు చూచి ఊరకుండెను. ఆమె కొంత సేపు నేల చూచి, "ఆ యమ్మ నాకు తెల్సు సామీ. రూపాయి పోతే అట్లే వంగి ఎతుక్కుంటాం గదా మేము" అనెను.

అంతకు మించి ఆమె యేమియు అనలేదు. ఆమె కన్ను కొమ్మను దాటినదో లేదో మాకు తెలియదు. కాని ఆమె తల ఆ వైపునకు తిరిగినది.

ఎవని కేపోలికయు చాలదో, ఎవడు ప్రతి పోలికయందును కొంత దయతో కనబడుచున్నాడో, ఆ దేవదేవుడు మన మాటలకు వినయమును, మన చేతులకు నిజమును ప్రసాదించుగాక.